పాత పలకపై కొత్త పాఠం

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అను సామెతలో లోకరీతి ఉన్నది గాని లోకనీతి లేదు. మనిషి మనసులోని చాపల్యాన్ని ఎత్తి చూపుటకే మన పెద్దలు ఆ మాట అన్నారు గాని, పాతదాన్నెల్ల పారవేయమని బోధించుటకు కాదు. ఉయ్యూరు వారమైన మనకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. చక్కెర మిల్లులో రసం పిండిన తరువాత మిగిలే చెరకు పిప్పి బాయిలరులో ఇంధనమై, ఆ మిల్లునే నడిపే ఆవిరిని ఇస్తుంది. రసం వడకట్టగా మిగిలిన మడ్డి పొలాలకు ఎరువవుతుంది. రసం తీసినంత మాత్రాన చెరకు పని ముగిసిపోదని ఎరిగిన ఊరు మనది.

ఆ ఎరుకను ఎలక్ట్రానిక్ యంత్రాల పట్ల మనం చూపుట లేదు. ఐక్యరాజ్యసమితి వారి అంచనా ప్రకారం 2022లో ప్రపంచమంతట పారవేయబడిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వినియోగంలోకి తెచ్చినట్లు లెక్క ఉన్నది 22.3 శాతం మాత్రమే. మిగిలినది చెత్తకుప్పలకు, పాత ఇనుము కొట్లకు, రాగి కోసం తీగలను తగులబెట్టే పేదల చేతులకు పోతున్నది. మన దేశంలో ఈ వ్యర్థాల నిర్వహణకై 2022లో కొత్త నియమాలు వెలువడి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. నియమాలు అవసరమే. అయితే ఒక వస్తువు వ్యర్థమని నిర్ణయించే ముందు దానిని విప్పి చూచి, చదివి, "దీనితో ఇంకేమి చేయవచ్చును?" అని అడుగగల మనిషి కావాలి. అట్టి మనుషులను తయారు చేయుట కళాశాలల పని అని మా అభిప్రాయం.

ఈ అభిప్రాయాన్ని సమర్థించుటకు మేము ఎన్నుకొన్న ఉదాహరణ కొందరికి నవ్వు తెప్పించవచ్చును. నాణెం వేసి ఆడే వీడియో ఆటల పెట్టెలలోని పాత సర్క్యూట్ బోర్డులను మరొక ఆటకు మార్చే విద్యను గురించి మేము వ్రాయదలచాము. ఆటలేమిటి, కళాశాలేమిటి అని తొందరపడి పుట తిప్పవద్దని పాఠకులకు మనవి. ఒక పాత యంత్రాన్ని ఎట్లా చదవాలి, ఎట్లా మార్చాలి, మార్చేటప్పుడు ఏ ధర్మాన్ని పాటించాలి అను మూడు పాఠాలు ఇంత చిన్న బోర్డుపై ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించవు.

మొదట ఆ బోర్డు స్వరూపాన్ని చూద్దాము. 1980లో జపానులోని నామ్కో సంస్థ విడుదల చేసిన ప్యాక్‌మ్యాన్ ఆటను తీసుకొందాము. దాని బోర్డుపై జెడ్-80 అను ప్రాసెసరు ఉన్నది. అది సెకనుకు సుమారు 30 లక్షల స్పందనల వేగంతో నడుస్తుంది. ఆటకు సంబంధించిన ప్రోగ్రాము అంతా 4 చిప్పులలో, మొత్తం 16 కిలోబైట్లలో ఇమిడి ఉన్నది. తెరపై కనిపించే గోడలు, చుక్కలు, అక్షరాలు వేరొక చిప్పులో ఉంటాయి. ప్రాసెసరుకు తాను ఏ ఆట ఆడిస్తున్నదో తెలియదు. చిప్పులో వ్రాసి ఉన్న ఆజ్ఞను చదువుతుంది, చేస్తుంది, తరువాతి ఆజ్ఞకు పోతుంది. చిప్పును మార్చితే ఆజ్ఞ మారుతుంది. ఆజ్ఞ మారితే ఆట మారుతుంది. బోర్డు పలక వంటిది, ప్రోగ్రాము దానిపై వ్రాసిన పాఠం వంటిది.

ఈ సూత్రం ఆధారంగా ఒక సంస్థ మునిగిపోకుండా బయటపడిన వృత్తాంతం తెలుసుకొనదగినది. 1980 ప్రాంతంలో జపానుకు చెందిన నింటెండో సంస్థ రాడార్ స్కోప్ అను ఆటను తయారు చేసింది. అమెరికాలోని దాని శాఖకు అధిపతి మినోరు అరకావా సుమారు 3,000 యంత్రాలు తెప్పించాడు. అవి సముద్రం మీదుగా అమెరికా చేరేసరికి నెలలు గడిచాయి. అప్పటికి జనం మోజు తీరిపోయింది. సుమారు 1,000 మాత్రమే అమ్ముడై, తక్కిన 2,000 గిడ్డంగిలో ఉండిపోయాయి. చెరకు తోలిన బండి మిల్లు గేటు మూసిన తరువాత చేరినట్లయింది వారి పరిస్థితి.

అప్పుడు సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి, ఆ పెట్టెలనే మరొక ఆటకు మార్చగల ఉపాయాన్ని ఆలోచించమని షిగెరు మియామోతో అను యువ చిత్రకారునికి పని అప్పగించాడు. గుంపే యోకోయి అను అనుభవజ్ఞుడైన ఇంజనీరు ఆ యువకుడికి మార్గదర్శి అయినాడు. 1981లో వెలువడిన ఆ కొత్త ఆట పేరు డాంకీ కాంగ్. మార్పుకు కావలసిన కొత్త చిప్పులు అమెరికా చేరగా, అరకావా, ఆయన భార్య, మరికొందరు ఉద్యోగులు కూర్చుండి పాత బోర్డులలో చిప్పులు మార్చి, అవసరమైన చోట తీగలు కలిపి, పెట్టెలకు కొత్త బొమ్మలు అంటించి, 2,000 యంత్రాలనూ పునరుద్ధరించారు. తుక్కు కావలసిన పెట్టెలు సంస్థను నిలబెట్టాయి. ఆ ఆటలో నిచ్చెనలెక్కే వడ్రంగి వాడే తరువాతి కాలంలో మారియో అను పేర లోకప్రసిద్ధుడైనాడు.

ఈ వృత్తాంతానికి మరొక ముఖం కూడా ఉన్నది. డాంకీ కాంగ్ ప్రోగ్రామును వ్రాసినవారు నింటెండో వారు కారు. ఇకెగామి త్సూషింకి అను వేరొక సంస్థ ఇంజనీర్లు వ్రాసి ఇచ్చారు. ఆ ప్రోగ్రాము ఎవరి సొత్తు అను ప్రశ్నపై తరువాత ఆ రెండు సంస్థలు న్యాయస్థానానికి ఎక్కాయి. బోర్డును కొన్నంత మాత్రాన దానిపై వ్రాసిన విద్య మన సొత్తు కాజాలదు అను విషయం ఆ వ్యాజ్యం వల్ల లోకానికి తెలిసింది.

ఇదే విషయం మరొక విధంగా అమెరికాలో విద్యార్థుల వల్ల చర్చకు వచ్చింది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుకొంటున్న డగ్ మక్రే, కెవిన్ కర్రన్ అను మిత్రులు ఆటల యంత్రాలు కొని విద్యార్థి వసతి గృహాలలో నడిపించేవారు. అటారీ సంస్థ వారి మిస్సైల్ కమాండ్ ఆటలో ఆటగాళ్ళు ఆరితేరిపోవడంతో రాబడి తగ్గింది. వారు ఆ బోర్డును అక్షరమక్షరం చదివి, ఆటను కొత్తగా, కఠినంగా మార్చే చిన్న అదనపు బోర్డు తయారు చేసి అమ్మసాగారు. 1981లో అటారీ వారు దావా వేశారు. వివాదం రాజీతో ముగిసింది. వింత ఏమనగా, ఆ రాజీలో భాగంగా అటారీ వారే ఆ యువకుల సంస్థకు పని ఇచ్చారు. అసలు తయారీదారుల అనుమతి లేకుండా ఇకపై మార్పు బోర్డులు అమ్మమని యువకులు మాట ఇచ్చారు.

వారు ఆ మాట నిలబెట్టుకొన్న తీరు మెచ్చదగినది. అప్పటికే ప్యాక్‌మ్యాన్ బోర్డుకు వారు ఒక మార్పు సిద్ధం చేసి ఉన్నారు. దానిని దొంగచాటుగా అమ్మక, అమెరికాలో ఆ ఆట హక్కులు గల మిడ్‌వే సంస్థ వద్దకు తీసుకుపోయి చూపారు. అదే 1982లో మిస్ ప్యాక్‌మ్యాన్ అను పేర విడుదలై, లక్షకు పైగా యంత్రాలు అమ్ముడైనాయి. వారి పనితనంలోని సౌజన్యం కూడా గమనింపదగినది. పాత ప్రోగ్రాము చిప్పులను వారు పీకివేయలేదు. ప్రాసెసరు కూర్చునే సాకెట్టులో తమ చిన్న బోర్డును అమర్చారు. ప్రాసెసరు ఆజ్ఞలు చదివేటప్పుడు, మార్పు అవసరమైన చోట మాత్రం ఆ చిన్న బోర్డు అడ్డుపడి కొత్త ఆజ్ఞను అందిస్తుంది. తక్కిన చోట్ల పాత చిప్పులనే చదవనిస్తుంది. ఆ చిన్న బోర్డు తీసివేస్తే పాత ప్రోగ్రాము చెక్కుచెదరక మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. మార్పు అంటే ఇట్లా ఉండవలెనని మేమంటాము.

మన పత్రిక పాఠకులకు ఇదంతా పరాయి విద్యగా తోచవచ్చును గాని, నిజానికి మనకు తెలిసిన విద్యయే. తెలుగు పుటలు సీసపు అక్షరాలతో కూర్చిన కాలంలో, ఒక ఫారం అచ్చు కాగానే కంపోజిటరు ఆ అక్షరాలను విడదీసి మళ్ళీ కేసు గడులలో వేసేవాడు. నిన్న పెండ్లి శుభలేఖలో కూర్చున్న అక్షరం నేడు ఎన్నికల కరపత్రంలో కూర్చునేది. ఉర్దూ పుటల కథ ఇంకా చిత్రమైనది. కాతిబు గారు ప్రత్యేకమైన సిరాతో, పసుపు పూత పూసిన కాగితంపై నస్తాలిఖ్ లిపిలో వ్రాసిన పుటను నున్నని రాతిపైకి దించి అచ్చు వేసేవారు. పని ముగిసిన తరువాత ఇసుక, నీరు వేసి ఆ రాతిని నూరి, మళ్ళీ నున్నగా చేసి మరొక పుటకు వాడేవారు. ఒకే రాయి ఎన్ని గజళ్ళను, ఎన్ని ప్రకటనలను మోసి ఉంటుందో!

ఆటల బోర్డులపై ఉండే ఈప్రామ్ అను చిప్పు సరిగా ఆ రాతి వంటిదే. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమాన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొన్నాడు. చిప్పు నడినెత్తిన చిన్న క్వార్ట్జ్ గాజు కిటికీ ఉంటుంది. దాని గుండా అతినీలలోహిత కిరణాలను ఓ పదిహేను ఇరవై నిమిషాలు ప్రసరింపజేస్తే, లోపల వ్రాసినదంతా చెరిగి కొత్త పాఠానికి సిద్ధమవుతుంది. అందుకే వాడుకలో ఉన్న చిప్పు కిటికీపై కాగితపు చీటీ అంటించి ఉంచుతారు. ఆ చీటీ ఊడిపోయి నేరుగా ఎండ తగిలితే సుమారు వారం రోజులలో పాఠం చెరిగిపోవచ్చునని తయారీదారులే హెచ్చరించారు. మన కృష్ణా తీరపు ఎండలో, బందరు వైపు నుండి వచ్చే ఉప్పు గాలిలో, వానాకాలపు చెమ్మలో పాత బోర్డులు ఎంత త్వరగా పాడవుతాయో వేరే చెప్పనక్కరలేదు. సాకెట్టులో చిప్పు కాళ్ళకు చిలుము పడుతుంది. కెపాసిటర్లు ఎండిపోతాయి. కొన్నిసార్లు "చచ్చిపోయినది" అని పారవేసిన బోర్డుకు జరిగినదల్లా ఇదే: కాళ్ళకు పట్టిన చిలుము.

ఇక్కడ మేము ఒక కఠినమైన మాట చెప్పదలచాము. రాయిని నూరితే పాత పుట పోతుంది. అచ్చయిన ప్రతులు లోకంలో ఉంటాయి గనుక దానివల్ల ఇబ్బంది లేదు. చిప్పును చెరిపితే మాత్రం అందులోని పాఠానికి మరొక ప్రతి ఎక్కడా లేకపోవచ్చును. డాంకీ కాంగ్‌గా మారిన ఆ 2,000 యంత్రాల సంతోషం వెనుక, అసలు రాడార్ స్కోప్ యంత్రాలు నేడు దొరకుట దుర్లభమైన సంగతి కూడా ఉన్నది. మార్పు చేసినవారిని మేము తప్పుపట్టుట లేదు. వారికి ఆనాడు వేరే దారి లేదు. కాని నేడు మనకు దారి ఉన్నది. చిప్పును చెరిపే ముందు అందులోని పాఠాన్ని చదివి, కంప్యూటరులో ఒక ప్రతి భద్రపరచుట నిమిషాల పని. 1997లో నికోలా సల్మోరియా అను ఇటలీ దేశస్థుడు ప్రారంభించిన మేమ్ అను ప్రయత్నం ఈ దృష్టితోనే పెరిగినది. పాత బోర్డులు ఎట్లా పనిచేసేవో నమోదు చేయుట దాని ప్రధానోద్దేశం. ఆట ఆడగలుగుట దానివల్ల కలిగే రుజువు మాత్రమే.

తయారీదారులు కూడా ఈ మార్పుల విషయంలో రెండు భిన్నమైన దారులు పట్టారు. 1985లో జపాను తయారీదారుల సంఘం జామా అను పేర ఒక సమాన పద్ధతిని ఏర్పరచింది. బోర్డు అంచున 56 స్పర్శలు. ఏ స్పర్శలో విద్యుత్తు, ఏ స్పర్శలో చిత్రం, ఏ స్పర్శలో ధ్వని, ఏ స్పర్శలో ఆటగాని మీట అన్నది ముందే నిర్ణయం. అప్పటినుండి ఒక ఆట పాతబడితే బోర్డు ఊడదీసి మరొక బోర్డు తగిలిస్తే చాలును. పెట్టె, తెర, తీగలు అన్నీ అవే. చిన్న వ్యాపారికి అది గొప్ప మేలు. దీనికి భిన్నంగా 1993లో కాప్‌కామ్ సంస్థ తెచ్చిన సీపీఎస్-2 బోర్డులో ప్రోగ్రాము రహస్య లిపిలో ఉంటుంది. ఆ రహస్యాన్ని విప్పే తాళపు చెవి, ఒక చిన్న బ్యాటరీ ఆధారంతో నిలిచే మెమొరీలో ఉంటుంది. బ్యాటరీ అయిపోయిన నాడు చెవి మాయమై, చిప్పులన్నీ బాగుండి కూడా బోర్డు మూగబోతుంది. ఔత్సాహికులు ఏండ్ల తరబడి శ్రమించి ఆ రహస్యాన్ని ఛేదించి అట్టి బోర్డులకు మళ్ళీ ప్రాణం పోశారు.

దొంగతనం ఆపుటకే అట్టి తాళం వేశారన్నది నిజమే. కాని డబ్బిచ్చి కొన్నవాని ఇంట్లో వస్తువు, బ్యాటరీతోపాటు చచ్చిపోవుట న్యాయమని మేము ఒప్పుకోలేము. నేడు ట్రాక్టరు నుండి సెల్‌ఫోను వరకు ఇదే ప్రశ్న మన ముందున్నది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించి, ఆ సంవత్సరాంతంలో అందుకై ప్రత్యేకంగా ఒక సమాచార వేదికను ఏర్పరచింది. హక్కు కాగితంపై వచ్చుట సంతోషమే. మరమ్మతు చేయగల చెయ్యి లేనినాడు ఆ హక్కు ఎవరికి పనికివస్తుంది?

ఇక మన ప్రాంతపు సంగతికి వద్దాము. 1990లలో మన ఊళ్ళలో గంటకింత అని అద్దె తీసుకొని టీవీ ఆటలు ఆడించే చిన్న గదులు వెలసిన సంగతి అప్పటి పిల్లలకు, నేటి తల్లిదండ్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ ఆటల కాసెట్టుపై "9999999 ఆటలు" అని వ్రాసి ఉండేది. తెరచి చూస్తే ఉన్నవి కొన్నే. అవే ఆటలు వేరువేరు పేర్లతో, కొద్ది తేడాలతో మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అదీ ఒక రకం మార్పే. కాని అందులో విద్య కంటె మోసం పాలు హెచ్చు. ఒకరు వ్రాసిన ఆటను అనుమతి లేక అచ్చు దింపి, పేరు మార్చి అమ్ముట బోర్డు మార్చే విద్య కాదు. మేము సమర్థించేది ఆ దారిని కాదని స్పష్టం చేస్తున్నాము. మన దేశపు 1957 నాటి కాపీహక్కు చట్టం, తరువాతి సవరణలతో, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనతో సమానంగా కాపాడుతున్నది. అదే చట్టం, న్యాయంగా తన వద్దనున్న ప్రోగ్రాము నశించిపోకుండా ఒక ప్రతి తీసి ఉంచుకొనుటకు, దాని పనితీరును పరిశీలించి నేర్చుకొనుటకు అవకాశం ఇచ్చింది. చదువుటకు, భద్రపరచుటకు చట్టం అడ్డురాదు. దొంగిలి అమ్ముకొనుటకే అడ్డువస్తుంది. విద్యార్థికి అంతకంటె ఏమి కావాలి?

మా ప్రతిపాదనకు రాగల ఆక్షేపణలను మేము ఎరుగుదుము. ఆటల వల్ల పిల్లలు చెడిపోతారు అన్నది మొదటిది. ఆట ఆడుటకు, ఆటను విప్పి చూచుటకు చాలా దూరం ఉన్నది. గంటల తరబడి తెరకు అతుక్కుపోయేవాడు ఆటకు బానిస. ఆ ఆట 16 కిలోబైట్లలో ఎట్లా ఇమిడిందో తెలిసినవాడు దానికి యజమాని. నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ సెల్‌ఫోను ఉన్నది గనుక ఆటను కళాశాల బయట ఆపగలమనుకొనుట భ్రమ. లోపలికి పిలిచి, బల్లపై పెట్టి, విప్పి చూపుటయే మేలు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. జేబులోని ఫోను వేల ఆటలను నడుపగలదు గదా, ఈ పాత బోర్డులతో పనేమి అని అడుగవచ్చును. ఫోను ఎంతటి శక్తి గలదైనా విప్పి చదువుటకు వీలైనది కాదు. అందులోని చిప్పు కాళ్ళు కంటికి కనబడవు, చేతికి అందవు. పాత బోర్డుపై ప్రతి చిప్పుకూ పేరు కలదు, ప్రతి రాగి గీతనూ వేలితో వెంబడించవచ్చును, ప్రతి స్పందననూ ఆసిలోస్కోపుపై చూడవచ్చును. భాష నేర్చుకొనేవానికి మహాకావ్యం ఇచ్చే ముందు పెద్దబాలశిక్ష ఇచ్చినట్లు, కంప్యూటరు నేర్చుకొనేవానికి ఈ బోర్డు పెద్దబాలశిక్ష.

దీని ప్రయోజనం తెలియుటకు ఒక లెక్క చూపుతాము. ప్యాక్‌మ్యాన్ తెర అడ్డంగా 224, నిలువుగా 288 చుక్కలు. ఆ తెరను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడులుగా విభజించారు. అంటే 28 నిలువు వరుసలు, 36 అడ్డ వరుసలు. ఆ గడులలో వేయదగిన బొమ్మలు 256 మాత్రమే. అవన్నీ 4 కిలోబైట్ల చిప్పులో ఉంటాయి. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో హాయిగా కూర్చుంటుంది. మన తెలుగు అక్షరాన్ని అందులో కూర్చోబెట్టండి చూద్దాము! పైన గుడి, కింద ఒత్తు కలిగిన అక్షరానికి అడ్డం రెండు, నిలువు మూడు, మొత్తం 6 గడులైనా కావాలి. అప్పుడు ఒక వరుసకు 14 అక్షరాల చొప్పున 12 వరుసలు వస్తాయి. కాని 256 బొమ్మలను 6 చేత భాగిస్తే 42 అక్షరాలే వచ్చాయి. 56 అక్షరాల వర్ణమాలకే చాలదు. గుణింతాలు, ఒత్తుల మాట చెప్పనక్కరలేదు. కనుక అక్షరాన్ని ముక్కలుగా విడదీసి, తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వేరువేరుగా ఉంచి, తెరపై కలుపుకోవాలి. సీసపు అక్షరాల కాలంలో మన ముద్రాపకులు చేసిన పని ఇదే గదా! ఉర్దూ అక్షరమైతే పదం మొదట ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర ఒక రూపం, ఒంటరిగా ఒక రూపం ధరిస్తుంది. కుడి నుండి ఎడమకు నడుస్తుంది. నస్తాలిఖ్ లిపిలోని వాలు ఈ గడులకు లొంగదు. నస్ఖ్ లిపిని ఆశ్రయించక తప్పదు.

ఈ సమస్యను సాధించే విద్యార్థి గణితం, ఎలక్ట్రానిక్స్, లిపి శాస్త్రం మూడూ ఒక్కసారే నేర్చుకొంటాడు. తెలుగు, ఉర్దూ రెండు భాషలూ చదివే మన కళాశాల కంటె ఈ పనికి తగిన చోటు వేరెక్కడ ఉన్నది? మన పత్రికయే అందుకు సాక్ష్యం. ఒక అట్ట తెరిస్తే తెలుగు, వెనుక అట్ట తెరిస్తే ఉర్దూ. కుట్టు మాత్రం ఒక్కటే. ఎక్కడో జపానులో పుట్టిన బోర్డుపై మన కాలువల లాకులు ఎత్తి దించే ఒక చిన్న ఆటను మన విద్యార్థులే వ్రాసి, మన రెండు లిపులలో పలికించుట అసాధ్యం కాదు. అందులో ఎవరి హక్కుకూ భంగం లేదు. ఎవరి అనుమతికీ ఎదురుచూడనక్కరలేదు.

ఇంత చెప్పిన తరువాత అసలు మాట చెప్పక తప్పదు. రేడియోలు, టీవీలు, మోటార్లు బాగుచేసి కుటుంబాలు పోషించిన ఉస్తాదులు మన ఇళ్ళలోనే ఎందరో ఉన్నారు. బందరు రోడ్డు పొడవునా, బెజవాడ ఆటోనగరు షెడ్లలో, చిన్న చిన్న బడ్డీలలో వారు నేర్చిన విద్య పుస్తకాలలో లేదు. బోర్డును వాసన చూచి ఏ భాగం కాలిందో చెప్పగల వారున్నారు. వారి చేతిలో పని ఉన్నది, కాగితం లేదు. మన విద్యార్థుల చేతిలో కాగితం ఉన్నది, పని లేదు. వస్తువు చెడితే పారవేయుట అలవాటైన ఈ రోజులలో ఉస్తాదుల కొట్లు ఒక్కొక్కటిగా మూతబడుతున్నాయి. ఆ కొట్టు మూతబడితే ఒక ఈప్రామ్ చిప్పు ఎండలో పడినట్లే. లోపలి పాఠం ప్రతి లేకుండా చెరిగిపోతుంది. పాత బోర్డులు లేకున్నా లోకానికి వచ్చిన నష్టం కొద్దిది. ఈ విద్య పోతే వచ్చే నష్టం మన తరం తీర్చలేనిది.

కావున కళాశాల కార్యవర్గం పెద్దలకు మేము సవినయంగా విన్నవించేది ఇది. కళాశాలలో ఒక గదిని మరమ్మతు విద్యకు కేటాయించండి. రెండు మూడు మల్టీమీటర్లు, ఒక ఆసిలోస్కోపు, సోల్డరింగు సామగ్రి, చిప్పులను చదివి వ్రాసే ఒక పరికరం, చెరిపే దీపం ఒకటి ఉంటే ఆరంభానికి చాలును. పట్టణంలోని ఉస్తాదులను వారానికి ఒక పూట అధ్యాపక హోదాతో, తగిన గౌరవ వేతనంతో ఆహ్వానించండి. వారికి పట్టా లేదని వెనుదీయవద్దు. పాడైన రేడియో, టీవీ, కంప్యూటరు బోర్డులను చెత్తలో వేయక ఈ గదికి ఇమ్మని ఊరివారిని కోరండి. ఆటల బోర్డులు దొరికితే మంచిదే. దొరకకున్నా ఏ పాత బోర్డైనా పాఠం చెప్పగలదు.

ఆ గదిలో అడుగుపెట్టే విద్యార్థి మిత్రులకు కూడా కొన్ని కట్టుబాట్లు అవసరం. చెరిపే ముందు చదవాలి. చదివినదానికి ప్రతి ఉంచాలి. సాకెట్టుతో తీరే పనికి రాగి గీతను కోయరాదు. తీసిన చిప్పును పేరు, తేదీ వ్రాసి కవరులో భద్రపరచాలి. చేసిన ప్రతి మార్పునూ తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక రిజిస్టరులో వ్రాయాలి. ఇతరుల ప్రోగ్రామును అనుమతి లేక పంచరాదు. పాత సోల్డరింగులో సీసం ఉంటుంది గనుక పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకోవాలి. పాత గాజు తెరల పెట్టెలలో సుమారు 20 వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. ఉస్తాదు పక్కన లేనిదే దానిని తాకరాదు.

ఇందులో పెద్ద ఖర్చు లేదు. పెద్ద కట్టడం అక్కరలేదు. రాబోయే సంవత్సరం మన పత్రికలో, ఫలానా బోర్డును చదివాము, ఫలానా విధంగా మార్చాము, ఫలానా ఉస్తాదు గారు నేర్పారు అని ఒక్క పుట మన విద్యార్థులు వ్రాయగలిగితే మా కోరిక నెరవేరినట్లే. ఆ పుట తెలుగు వైపున ఉన్నా సరే, ఉర్దూ వైపున ఉన్నా సరే, చదువుటకు మేము ఎదురుచూస్తుంటాము.